రాత్రిని నిషేధించకండి, వల కన్ను కొలవండి

పోయిన వానకాలం మొదట్లో మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక కాగితం ఫోటో వచ్చింది. ఊరు కోరుట్ల పక్కనే. పేరు చెప్పను, చెబితే మా బాపు రేపటి నుంచి చాయ హోటలుకు పోలేడు. కాగితంలో ఉన్నది నాలుగు లైన్లు. సాయంత్రం 6 నుంచి పొద్దున 6 దాకా చెరువులో ఎవరూ గాలం వేయరాదు, వల వేయరాదు. కట్ట మీద టార్చిలైటు పట్టుకుని తిరగరాదు. దొరికితే 5,000 జరిమానా. పట్టించినవాళ్ళకు అందులోంచి 1,000. కింద సంతకాలు, రెండు వేలిముద్రలు.

దాన్ని హైదరాబాదులో ఉండే ముగ్గురు సాహిత్య మిత్రులకు పంపాను. ఒకరు బొటనవేలు ఎత్తారు. ఒకరు "చేపలకు కూడా నిద్ర కావాలి కదా" అని ఒక గుండె బొమ్మ పెట్టారు. మూడో ఆయన ప్రకృతి వ్యాసాలు రాస్తాడు, బాగానే రాస్తాడు. "ఊరు తనంతట తాను ఇంత పర్యావరణ స్పృహతో తీర్మానం చేయడం గొప్ప విషయం, నువ్వు దీని మీద రాయాలి" అన్నాడు. రాస్తున్నాను. కాకపోతే ఆయన అడిగింది కాదు.

ఆ తీర్మానానికీ చేపల క్షేమానికీ సంబంధం లేదన్నది నా వాదన. రాత్రి వేటను గంట చూసి నిషేధించే రూలు చాలాసార్లు చేపను కాపాడదు, చేప ఎవరిదో చెబుతుంది. చేపను కాపాడే రూలు వేరేగా ఉంటుంది. అది వలను కొలుస్తుంది, ఋతువును చూస్తుంది, ఏ చేప ఏ స్థితిలో ఉందో అడుగుతుంది. ఈ రెంటికీ తేడా నాకు కోరుట్లలో తెలియలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, మిషిగన్‌లో తెలిసింది.

2018లో ప్రాజెక్టు పని మీద ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్నాను. మా టీములో ఒక పెద్దాయన జూన్ చివరి వారం రాగానే లీవు పెట్టి ఉత్తరానికి పోయేవాడు, ఏటా. ఆ ఏడు నన్నూ రమ్మన్నాడు. మూడు గంటల డ్రైవు, గ్రేలింగ్ అనే చిన్న పట్నం, దాని పక్కన ఓ సేబుల్ నది. అక్కడ జూన్ ఆఖర్లో, జూలై మొదట్లో, చీకటి పడ్డాక హెక్సజీనియా అనే పురుగు నీళ్ళలోంచి లేస్తుంది. దాదాపు రెండేళ్ళు నది అడుగు బురదలో బతికి, రెక్కలు వచ్చాక ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. ఆ ఒకటి రెండు రోజులూ ఏమీ తినదు, తినడానికి పనిచేసే నోరు ఉండదు. దాని కోసం పగలంతా దాక్కునే పెద్ద పెద్ద బ్రౌన్ ట్రౌట్లు పైకి వస్తాయి. వాటి కోసం మనుషులు నడుం లోతు నీళ్ళలో నిలబడతారు. గాలానికి ఎర ఉండదు. ఈకలతో, వెంట్రుకలతో ఆ పురుగులాగే కట్టిన బొమ్మ ఉంటుంది. దాన్నే ఫ్లై అంటారు. చీకట్లో ఏమీ కనబడదు. చేప పురుగును మింగిన 'గుభుక్' చప్పుడు విని, ఆ వైపు దారం విసరాలి. నేను విసిరింది ఎక్కువగా చెట్లకే తగిలింది. ఆ పెద్దాయన నవ్వలేదు, ఆ ఒక్క మర్యాదకే ఆయన్ను ఇప్పటికీ తలుచుకుంటాను.

ఆ నదిలో బర్టన్స్ లాండింగ్ నుంచి వేక్‌లీ బ్రిడ్జి దాకా, తొమ్మిది మైళ్ళకు కొంచెం తక్కువ, 'హోలీ వాటర్' అంటారు. అక్కడ ఫ్లై తప్ప ఇంకేదీ వాడకూడదు, పట్టిన ప్రతి చేపనూ వదిలేయాలి. రాత్రి వేటకు అడ్డు లేదు. అడ్డు పెడితే ఆ హెక్స్ పండగే ఉండదు. అదే రాష్ట్రంలో ఇంకోచోట, మానిస్టీ నది మీద టిప్పీ డ్యాము కింద, సాల్మన్లు ఎక్కే శరత్కాలంలో మాత్రం రాత్రి నిషేధం ఉంటుంది. ఎందుకని అడిగితే ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు: డ్యాము కింద చేపలు కిక్కిరిసి ఉంటాయి, చీకట్లో కొందరు నోటికి కాకుండా ఒంటికి గాలం గుచ్చి లాగేస్తారు. నాకు ఆ జవాబు నచ్చింది. ఎక్కడ, ఏ నెలల్లో, ఏ తప్పు ఆపడానికి అన్నది అందులో ఉంది. ఆ మూడూ చెప్పగలిగితే రాత్రి నిషేధం మీద నాకు పేచీ లేదు.

అక్కడి వాళ్ళను నెత్తిన పెట్టుకోవడం నా ఉద్దేశం కాదు. గ్రేలింగ్ అనేది ఒక చేప పేరు. ఆ చేప పేరే పట్నానికి పెట్టుకున్నారు, చేప మాత్రం మిషిగన్‌లో 1930లు వచ్చేసరికి లేకుండా పోయింది. అడవులు నరికి దుంగలు నదిలో తోసి గుడ్లు పెట్టే చోట్లన్నీ గీకేశారు, రైళ్ళలో వచ్చి బుట్టలకొద్దీ పట్టుకుపోయారు. ఇప్పుడు అంత భక్తిగా కాపాడుతున్న బ్రౌన్ ట్రౌట్ జర్మనీ నుంచి తెచ్చింది. మిషిగన్‌లో 1884లో మొదటిసారి వదిలారు. సొంత చేప పోయాక వచ్చిన చేపకు గుడి కట్టారు. పైగా 'ఫ్లై మాత్రమే' అన్న రూలులో కూడా చేప కంటే మనిషి తరగతి ఎక్కువ కనిపిస్తుంది. వానపాము గుచ్చేవాడు మోటువాడు, ఈకలు కట్టేవాడు పెద్దమనిషి. అయినా ఒకటి ఒప్పుకోవాలి. అక్కడ రూలు పుస్తకం చేతిలో పట్టుకుని, ఏ రూలు ఎందుకు అని నదిలో నిలబడి వాదించుకునేవాళ్ళు ఉన్నారు. మిషిగన్ సుప్రీంకోర్టు జడ్జి ఒకాయన, జాన్ వోల్కర్, రాబర్ట్ ట్రావర్ అనే పేరుతో 1958లో 'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్' నవల రాసి, కోర్టు వదిలేసి ట్రౌట్ల వెనక తిరిగాడు. చట్టం తెలిసినవాడికి నీళ్ళు తెలిసి ఉండటం ఎలా ఉంటుందో ఆయనే ఉదాహరణ.

మన దగ్గర చట్టం తెలిసినవాళ్ళకు నీళ్ళు తెలియవని కూడా అనలేను. మద్రాసు సివిల్ సర్వీసులో హెన్రీ సల్లివన్ థామస్ అనే దొర 'ది రాడ్ ఇన్ ఇండియా' అని 1873లో రాశాడు, 1887లో 'టాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని చెరువుల్లో గాలం వేయడం మీదే ఒక పుస్తకం రాశాడు. అదే 1873లో ఫ్రాన్సిస్ డే అనే డాక్టరు దేశంలోని మంచినీటి చేపల మీద ప్రభుత్వానికి రిపోర్టు ఇచ్చాడు. ఇద్దరి బెంగా ఒకటే: పిల్ల చేపను కూడా వదలని సన్న కన్ను వలలు, కాలువకు అడ్డంగా కట్టే మావులు. చివరికి 1897లో ఇండియన్ ఫిషరీస్ యాక్ట్ వచ్చింది. డైనమైటు పేల్చడం, నీళ్ళలో విషం కలపడం నేరం అంది. ఎంచిన నీళ్ళలో వేటిని నియంత్రించవచ్చో చెప్పింది: పాతిపెట్టిన వలలు, అడ్డుకట్టలు, వలల కొలత, రకం, వాడే పద్ధతి. అవసరమైతే ఒక నీటి వనరును రెండేళ్ళకు మించకుండా పూర్తిగా మూసేయవచ్చంది. ఆ జాబితాలో 'రాత్రి' అని ప్రత్యేకంగా ఏమీ లేదు. దొరలకు నల్లవాళ్ళ వల మీద అనుమానం ఉంది, వాళ్ళ గాలం మాత్రం కళ అనుకునేవాళ్ళు, అదంతా నిజం. అయినా వాళ్ళు కొలవమన్నది వల కన్నునే.

నిజాం రాష్ట్రానికి ఆ చట్టం వర్తించలేదు. మన తెలంగాణ చెరువులకు 1357 ఫసలీ చట్టం వచ్చింది, అంటే 1947-48 నాటిది. పేరులోనే ఫసలీ ఉన్న చట్టం ఇంకా మన చేపల మీద ఉందంటే నవ్వొస్తుంది గానీ, అసలు విషయం అది కాదు. చట్టం ఏదైనా, ఊరి చెరువు కట్ట మీద అమలయ్యేది సొసైటీ మాట, పెద్దమనుషుల మాట.

ఇక మా మామ సంగతి. మేనమామ వరస, సొంత మామ కాదు. పదకొండేళ్ళు మస్కట్‌లో సెంట్రింగు పని చేసి, నడుం పోయి వచ్చాడు. పగలు దొరికిన పని చేస్తాడు. రాత్రి చెరువు అంచున పది పన్నెండు గాలాలు కట్టి, కప్ప పిల్లలో చిన్న పరకలో గుచ్చి, ఇంటికొచ్చి పడుకుని, నాలుగింటికి పోయి తీస్తాడు. పడితే కొర్రమట్ట పడుతుంది, రెండు మూడు. తెల్లారేసరికి అమ్ముడుపోతాయి, చెప్పిన ధరకు. ఆయనకు సొసైటీలో సభ్యత్వం లేదు. ఎవరికి సభ్యత్వం ఉండాలన్న పంచాయితీ గంగపుత్రులకూ ముదిరాజులకూ మధ్య రాష్ట్రమంతటా నడుస్తూనే ఉంది, దాంట్లోకి ఇక్కడ దిగను. మామ ఆ రెంటిలో ఏదీ కాదు.

"నువ్వు చేసేది దొంగతనమే కదా మామా" అని ఫోనులో అడిగాను. కావాలనే అడిగాను.

"సర్కారు ఏసిన పిల్ల ఏందిరా? రవ్వు, బొచ్చె, బంగారు తీగ. నేను పట్టేదేంది? కొర్రమట్ట. దాన్ని ఎవడన్న తెచ్చి ఏసిండా? అది ఏసిన పిల్లల్ని తింటది. లెక్క ప్రకారం సొసైటీ నాకే కూలి ఇయ్యాలె."

జోకులాగా అన్నాడు గానీ జీవశాస్త్రం కరెక్టు. 2016-17 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా వదులుతున్నది ముఖ్యంగా కార్పు జాతులు. రవ్వు, బొచ్చె నిలవ నీళ్ళ చెరువులో మామూలుగా గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద నీళ్ళు కావాలి. అందుకే ఏటేటా పిల్ల వేయాల్సి వస్తుంది. అంటే పిల్ల వేసి పెంచే చెరువులో రాత్రి నిషేధం రవ్వు సంతానాన్ని కాపాడుతుందనడం ఉత్త మాట. అక్కడ పుట్టని సంతానాన్ని ఎవరు కాపాడతారు? సొసైటీ లీజు కట్టింది, చెరువులో ఉన్న ప్రతి చేప దానిదే అంటారా, సరే, అది ఆస్తి వాదన. ఆస్తి వాదనను ఆస్తి వాదనలాగే చేయండి. దానికి పర్యావరణం అని పేరు పెట్టి, మా ప్రకృతి వ్యాసాల మిత్రుడి చేత చప్పట్లు కొట్టించుకోకండి.

ఇంకో విషయం తీర్మానంలో లేదు, అందుకే ఇక్కడ చెప్పాలి. మా ఊరికి ఆదివారాలు హైదరాబాదు నుంచి కుర్రాళ్ళు వస్తున్నారు. కార్బన్ రాడ్లు, ఆన్‌లైన్లో కొన్న రబ్బరు కప్పలు, తల మీద కెమెరా. నాలాంటివాళ్ళే, మా ఆఫీసులోనే ఇద్దరున్నారు. కొర్రమట్టను పట్టి, రెండు చేతులతో ఎత్తి, ఫోటో దిగి, "క్యాచ్ అండ్ రిలీజ్ గైస్" అని వదిలేస్తారు. వాళ్ళ దగ్గర మనిషికి 500 తీసుకుని కూర్చోబెడతారు, ఎవరు తీసుకుంటారో ఊళ్ళో అందరికీ తెలుసు. పగలు కాబట్టి రూలుకు అడ్డం రాదు. కొర్రమట్ట తల్లీతండ్రీ రెండూ పిల్లలకు కాపలా ఉండే చేప. నారింజ రంగు పిల్లలు నీటి పైన గుంపుగా తేలుతుంటాయి, కింద పెద్దవి తిరుగుతుంటాయి. ఆ సమయంలో ముందు ఏది కదిలినా అది మీద పడుతుంది, ఆకలితో కాదు, కోపంతో. రబ్బరు కప్పకు పడే పెద్ద కొర్రమట్టల్లో ఎన్ని అట్లా కోపంతో వచ్చినవో ఆలోచించండి. దాన్ని గట్టు మీద పెట్టి ఫోటోలు తీసే అయిదు నిమిషాల్లో పిల్లల గుంపు మీద పక్క చేపలు పడతాయి. వదిలేశాం కదా అంటారు. దేన్ని వదిలేశారు? మామ మాత్రం "పిల్లల మీద ఉన్నదాన్ని ముట్టం, పాపం తగుల్తది" అంటాడు. పాపం అన్న మాట నాకు నచ్చదు, నేను నాస్తికుణ్ణి. కానీ ఆ చెరువులో ఇప్పటిదాకా పనిచేస్తున్న ఒకే ఒక్క సంరక్షణ రూలు అది. కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప అని పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలందరికీ తెలుసు. అది పిల్లల్ని కాస్తుందని ఎంతమందికి తెలుసు?

సిరిసిల్ల వైపు వెళ్తే ఈ గంటల లెక్క ఇంకా బోల్తా కొడుతుంది. శ్రీరాంసాగర్ నుంచి వరద కాలువ మా కోరుట్ల వైపు నుంచే దిగి మిడ్ మానేరుకు పోతుంది. మాన్వాడ దగ్గర ఆనకట్ట, 27 టీఎంసీల పైచిలుకు నీళ్ళు. కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి, అనుపురం, కొడుముంజ, చింతలఠాణా, ఇట్లా పన్నెండు ఊళ్ళు ముంపు కిందికి పోయాయి. వరదవెల్లి దత్తాత్రేయుడి గుట్ట ఇప్పుడు నీళ్ళ మధ్య దీవి. అంత లోతు, అంత వెడల్పు నీళ్ళలో విసురు వలతో ఏం పని? అక్కడ పని చేసేది నీళ్ళలో గోడలాగా నిలబెట్టే వల. సాయంత్రం తెప్ప మీద పోయి కట్టి రావాలి, తెల్లవారుజామున పోయి తీయాలి. పగలు తేట నీళ్ళలో నైలాను దారం చేపకు కనబడుతుంది, పక్కనుంచి పోతుంది. పగలు పడినా మన ఎండకు గంటలో మెత్తబడుతుంది. పొద్దున మార్కెట్టుకు చేప రావాలంటే అది రాత్రే పడాలి. అంటే ఆ వృత్తికి పని దినం అంటేనే రాత్రి. సిరిసిల్లలో సాంచాలు రాత్రంతా నడుస్తాయి, నైట్ షిఫ్టు కార్మికుడు పొద్దున కళ్ళు మంటతో ఇంటికి పోతాడు. దాన్ని ఎవరూ నేరం అనరు. నేను అమెరికా టైముకు రాత్రి రెండింటికి కాల్‌లో ఉంటాను. దాన్ని కెరీర్ అంటారు. తెప్ప మీద ఉన్నవాడి రాత్రి ఒక్కటే 'అసాంఘికం' ఎట్లా అవుతుంది?

భద్రత కోసం అంటారు. ఇది బలమైన మాట, తేలిగ్గా తీసేయను. చీకట్లో థర్మాకోల్ తెప్ప మీద పోయి రానివాళ్ళున్నారు. కానీ మానేరు పగలు కూడా మింగుతుంది. 2021 నవంబరులో సిరిసిల్ల దగ్గర చెక్‌డ్యాములో స్కూలు పిల్లలు మునిగిపోయింది పగటిపూటే. ప్రాణం మీద ప్రేమ ఉంటే లైఫ్ జాకెట్లు ఇవ్వండి, తెప్పకు బదులు పడవకు సబ్సిడీ ఇవ్వండి, ఎవరు ఎన్నింటికి దిగారో రాసుకునే పుస్తకం పెట్టండి. నిషేధం పెడితే వేట ఆగదు, లైటు ఆరిపోతుంది అంతే. దొరికిపోతామని లైటు ఆర్పి దిగుతారు. ఇంకోటి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాదంలో చనిపోతే 5 లక్షల బీమా ఉంది. నిషేధించిన గంటలో తెప్ప తిరగబడితే పంచనామాలో ఏ గంట రాస్తారు? ఆ గంట చూసి బీమా ఆఫీసులో ఏమంటారు? తీర్మానం మీద సంతకం పెట్టినవాళ్ళలో ఒక్కరైనా ఈ ప్రశ్న వేసుకున్నారా?

రాత్రి వేటలో చెడ్డది లేదని నేను అనడం లేదు. ఉంది. తొలకరి వరదకు చెరువు మత్తడి దుంకినప్పుడు, వాగుకు ఎదురెక్కే గుడ్డు చేపను బుట్టలు పెట్టి, లైట్లు కొట్టి, రాత్రంతా ఎత్తుకుపోతారు. చిన్నప్పుడు నేనూ పోయాను, అదొక జాతర. ఇప్పుడు తలుచుకుంటే ఒక్కో సంచిలో ఎన్ని లక్షల గుడ్లు పోయాయో అని కడుపులో తిప్పుతుంది. దాన్ని ఆపాలి. పగలు కూడా ఆపాలి. తీర్మానం ప్రకారం పొద్దున ఆరున్నరకు మత్తడి దగ్గర బుట్ట పెడితే తప్పు లేదు. సముద్రంలో చూడండి. 2017 నవంబరు 10న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు రాత్రి వేటను నిషేధించలేదు, ఎల్‌ఈడీ లైట్లు పెట్టి చేపను పోగేసి పట్టడాన్ని నిషేధించింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో మరపడవలు ఆపేది సంతానోత్పత్తి కోసం. అక్కడ కూడా గొడవలున్నాయి, అమలులో కంతలున్నాయి. కానీ ఆ రూళ్ళలో చేప కనిపిస్తుంది. మా ఊరి కాగితంలో టార్చిలైటు పట్టుకున్న మనిషి మాత్రమే కనిపిస్తున్నాడు.

ఆ మనిషిని మా వైపు చాలాకాలంగా వెతుకుతున్నారు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది, అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. నేను అప్పటికి పుట్టలేదు. బాపు చెప్పేది ఒక్కటే: చీకటి పడ్డాక కట్ట మీద లైటు కనబడితే రెండు వైపుల నుంచీ ప్రశ్నలే. ఎవనివి, ఎటు పోతున్నవ్, ఎవలకు తిండి మోస్తున్నవ్. చేపల బుట్ట చూపించినా నమ్మేవాళ్ళు కాదట. ఆ రోజులు పోయాయి. రాత్రి బయట ఉన్న బీదవాడు ముందు అనుమానితుడు, తర్వాతే మనిషి అన్న అలవాటు పోలేదు. 'టార్చిలైటు పట్టుకుని తిరగరాదు' అన్న లైను చదివినప్పుడు బాపు ఏమీ అనలేదు. ఫోను పక్కన పెట్టి బీడీ ముట్టించాడు. ఆ లైను రాసినవాళ్ళలో ఆయన ఈడువాళ్ళు కూడా ఉన్నారు, అదే నాకు అర్థం కాలేదు.

సాహిత్యం వాళ్ళతో కూడా నాకు తగువుంది, ఈ పత్రికలో రాస్తున్నాను కాబట్టి ఇక్కడే తేల్చుకోవాలి. మన దగ్గర వ్యాసాల్లో, కవిత్వంలో రాత్రి చెరువు అనగానే చంద్రుడు వస్తాడు, వల అనగానే జ్ఞాపకాలు పడతాయి, చేప అనగానే ఒకమ్మాయి కళ్ళు. నేను చదివినంతలో వల కన్ను ఎన్ని వేళ్ళు పడుతుందో చెప్పిన కవిత లేదు. హెమింగ్వే ముసలివాణ్ణి అందరూ కోట్ చేస్తారు, ఆయన చేపను సొరచేపలు తినేశాక పొద్దున ఆ ముసలివాడు ఏం తింటాడో ఎవరూ అడగరు. మాణిక్ బందోపాధ్యాయ 1936 నవల 'పద్మా నదీర్ మాఝీ' మొదలయ్యేదే రాత్రి వేటతో, పులస చుట్టమైన ఇలిశ చేపల వేటతో. కుబేరుడు జ్వరం ఒళ్ళుతో పడవ మీద ఉంటాడు, పడవ వాడిది కాదు, పడవ యజమాని చేపల లెక్కలో మోసం చేస్తాడు. మొదటి పేజీల్లోనే పడవ ఎవరిది, వాటా ఎంత, లెక్క ఎవరు వేస్తారు, అన్నీ వచ్చేస్తాయి. అందం తగ్గిందా? నాకైతే పెరిగింది. పద్మ మీద దీపాలు మిణుకుమంటున్నప్పుడు అవి ఎవరి దీపాలో తెలిస్తే తప్ప ఆ దృశ్యం పూర్తి కాదు. మా ప్రకృతి మిత్రుడు చెరువు మీద రాసిన వ్యాసంలో పక్షుల పేర్లు పదహారు ఉన్నాయి, మనిషి పేరు ఒక్కటీ లేదు. ఆయన కంటికి చెరువు ఖాళీగా ఉంటేనే అందంగా ఉంటుంది. ఆయన అందాన్నే తీర్మానం అయిదు వేల జరిమానాతో అమలు చేస్తోంది, తేడా ఏమీ లేదు.

ఇది రాసి పంపేముందు ఆయనకే చదివించాను. "మరి నీ రూలు ఏంటి, విమర్శ ఎవరైనా చేస్తారు" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. నేను ఒక పేజీ రాసి ఊరికి పంపాను. రాత్రి మాట తీసేయండి. మూడు అంగుళాల కంటే సన్న కన్ను వల పెద్ద చెరువులో ఎవరూ, సొసైటీ కూడా, పగలైనా రాత్రైనా దించొద్దు. మత్తడి దుంకే రోజుల్లో మత్తడి దగ్గర, వాగు మూతి దగ్గర ఏ వేటా వద్దు. పిల్లల గుంపు మీద ఉన్న కొర్రమట్ట జోలికి గాలంతో గానీ బల్లెంతో గానీ కెమెరాతో గానీ పోవద్దు. సొసైటీలో లేని ఊరివాడికి ఏడాదికి ఇంత అని గాలం చీటీ ఇవ్వండి, ఆ డబ్బు సొసైటీకే. మూడు అంగుళాలా, రెండున్నరా అన్నది నాకంటే చెరువుకు తెలుసు, అది మాట్లాడుకుందాం అని కూడా రాశాను.

మామకు ఫోను చేసి చదివి వినిపించాను. అంతా విన్నాడు. చీటీ సంగతికి "మంచిగనే ఉన్నది" అన్నాడు. వల కన్ను దగ్గరికొచ్చేసరికి నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఆగడానికి టైం పట్టింది.

"అల్లుడా, స్కేలు పెట్టి కొలిస్తే మొట్టమొదలు దొరికేది ఎవని వలనో ఎరుకేనా? కాగితం మీద పై సంతకం ఎవనిదో చూడు. ఇంత సన్నం, దోమతెర లెక్క. దళారికి చిన్న చాప కూడా కావాలె, ఎండబెట్టి కోళ్ళ దాణాకు పంపుతడు. అందుకే కన్ను సంగతి రాయలె, గంట సంగతి రాసిన్రు. గంటకు నేను దొరుకుత, కన్నుకు ఆయన దొరుకుతడు."

తీర్మానం మీద మళ్ళీ మాట్లాడతామని పంచాయతీ దగ్గర ఆదివారం పదింటికి మీటింగు పెట్టారు. శనివారం రాత్రి జగిత్యాల బస్సెక్కుతున్నాను, అక్కణ్ణుంచి కోరుట్ల. స్టీలు స్కేలు ఒకటి కొన్నాను, పదిహేను సెంటీమీటర్లది, ల్యాప్‌టాప్ బ్యాగులో పడింది. మామ ఒకటి సరిపోదు, రెండు తెమ్మన్నాడు.